ఏ వెర్షన్‌కు రాసిన పాఠమో పైనే రాయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

గ్రామ గ్రంథాలయాల్లోనూ చిన్న కళాశాలల్లోనూ ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకుంటే లైసెన్సుల ఖర్చు తప్పుతుందని గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ సూచనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పి, పదవీ విరమణ తరవాత మా ఊరి గ్రంథాలయంలో పిల్లల కోసం ఎనిమిది పాత కంప్యూటర్లను నడుపుతున్నవాణ్ని కనుక, ఆ వ్యాసంలో ప్రస్తావనకు రాని ఒక సంగతిని మీ పాఠకుల ముందు ఉంచాలనిపించింది. ఈ సిస్టమ్‌లు ఉచితంగా దొరుకుతాయి, బాగా పనిచేస్తాయి. కానీ వాటిలోని ఫైర్‌వాల్‌ను ఎలా అమర్చుకోవాలో నేర్పే పాఠాలు చాలాచోట్ల పాతబడి ఉన్నాయి. వాటిని సరిచేయడం కూడా సాఫ్ట్‌వేర్ రాయడమంత ముఖ్యమైన పనేనని, ఆ పనిలో మన జిల్లాల విద్యార్థులు చేయి వేయాలని, కళాశాలలు దానికి మార్కులు ఇవ్వాలని నా విన్నపం.

మొదట మా అనుభవం చెబుతాను. రెండేళ్ల కిందట ఒక దాత ఇచ్చిన పాత కంప్యూటరుకు రెండు నెట్‌వర్క్ కార్డులు బిగించి, అందులో ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, బయటి ఇంటర్నెట్‌కూ మా ఎనిమిది కంప్యూటర్లకూ మధ్య ద్వారంలా పెట్టాలనుకున్నాం. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న మా ఊరి కుర్రాడొకడు ఆ పని తలకెత్తుకున్నాడు. వచ్చే పోయే ప్రతి ప్యాకెట్‌నూ, అంటే సమాచారపు ప్రతి చిన్న మూటనూ, ఒక నియమాల పట్టికతో సరిచూసి, దాన్ని పోనివ్వాలో ఆపాలో తేల్చే సాఫ్ట్‌వేరే ఫైర్‌వాల్ అని ఈ రంగంతో పరిచయం లేని పాఠకుల కోసం చెబుతున్నాను. ఆ పట్టికను మనిషే రాసి పెట్టాలి. కుర్రాడు ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పాఠాన్ని ముందు పెట్టుకుని, అందులోని నమూనా పట్టికను ఉన్నదున్నట్టు ఎక్కించాడు. ఆ పాఠం మీద తేదీ లేదు. ఏ వెర్షన్ మీద పరీక్షించారో, ఎలాంటి ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఊహించి రాశారో ఎక్కడా లేదు.

యంత్రానికి చిరునామా వచ్చింది. అంకెల చిరునామాకు పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే చిన్న సందేశం) పోయి తిరిగి వచ్చింది. వెబ్‌సైటు పేరు కొడితే మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. "నెట్ వస్తోందండి మాస్టారూ, సైట్లే రావడం లేదు" అని అతను రెండు సాయంత్రాలు దానితో కుస్తీ పట్టి, చివరికి ఫైర్‌వాల్‌లో ప్యాకెట్లను ఆపే నియమాలన్నీ తీసేశాడు. వెంటనే అన్ని సైట్లూ తెరుచుకున్నాయి. పిల్లలు సంతోషించారు, నేనూ అంతటితో ఊరుకున్నాను. అలా దాదాపు ఐదు నెలలు మా గ్రంథాలయం సొంత కాపలా ఏదీ లేకుండా నడిచింది.

తరవాత తీరిగ్గా కూర్చుని ఫైర్‌వాల్ లాగ్‌ను, అంటే అది చేసిన పనుల చిట్టాను, చదివితే కారణం తేలింది. 10తో మొదలయ్యేవి, 192.168తో మొదలయ్యేవి, ఇలా లోపలి నెట్‌వర్కుల్లో మాత్రమే వాడే ప్రైవేటు చిరునామాలన్నిటినీ ఒక జాబితాగా కట్టి, బయటి కార్డు మీద వాటి నుంచి ఏదీ రాకూడదు, వాటి వైపు ఏదీ పోకూడదు అని ఆ నమూనాలో రాశారు. బయటి కార్డుకు నేరుగా పబ్లిక్ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచైనా చేరగల చిరునామా, ఉండే చోట అది మంచి నియమమే; దొంగ చిరునామాతో వచ్చే ప్యాకెట్లను అది ఆపుతుంది. కానీ మాకు కేబుల్ ద్వారా వచ్చే కనెక్షన్‌లో బయటి కార్డుకు ఇచ్చే చిరునామాయే 10తో మొదలవుతుంది. పేర్లను అంకెలుగా మార్చి చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా కూడా అంతే. కాబట్టి మేము అడిగే ప్రతి పేరూ మా గుమ్మంలోనే ఆగిపోయింది. ఐపీవీ4 అనే పాత పద్ధతి చిరునామాలు చాలక, ఒక్క పబ్లిక్ చిరునామా వెనుక వందల ఇళ్లను ఉంచడం ఇప్పుడు సర్వీసు ప్రొవైడర్లకు మామూలు పద్ధతి అయింది. అందుకోసమే 2012లో 100.64తో మొదలయ్యే ఒక చిరునామాల శ్రేణిని ప్రత్యేకంగా కేటాయించారు కూడా. ఆ మార్పుకు ముందటి రోజుల్లో రాసిన పాఠానికి ఇవేవీ తెలియవు. డీఎన్‌ఎస్ సర్వర్‌కు పోయే ప్రశ్నలను అనుమతిస్తూ ఒక్క వాక్యం పైన చేరిస్తే మా సమస్య తీరిపోయింది.

ఇందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదని నా అభిప్రాయం. పాఠం చెప్పినట్టే చేశాడు. పాతబడిన ఫైర్‌వాల్ పాఠం వల్ల కలిగే అసలు నష్టం ఏమిటో నాకు అప్పుడు బోధపడింది. ప్రింటర్ గురించిన పాఠం పాతదైతే ప్రింటర్ పనిచేయదు, మనకు వెంటనే తెలుస్తుంది. ఫైర్‌వాల్ పాఠం పాతదైతే మనిషి విసిగి ఫైర్‌వాల్‌నే తీసేస్తాడు, లేదా తలుపు మూశాననుకుని తెరిచే ఉంచుతాడు. ఆ రెండు సందర్భాల్లోనూ పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. దాళ్వాలో నీళ్లు చాలక వంతులు పెట్టినప్పుడు, నిరుటి వంతుల పట్టిక తూము గోడకు అంటించి ఉండిపోతే, దాన్ని నమ్మి ఇంటి దగ్గర కూర్చున్న రైతు చేను ఎండుతుంది. అసలు పట్టికే లేకపోతే అతను కాలువ లస్కరును అడిగి తెలుసుకునేవాడు.

పాఠాలు ఇలా పాతబడటానికి ఎవరి సోమరితనమో కారణమనుకోనక్కరలేదు. ఫ్రీబీఎస్‌డీ సంగతే చూడండి. 1993 నుంచి వెలువడుతున్న ఈ సిస్టమ్‌లో పీఎఫ్, ఐపీఎఫ్‌డబ్ల్యూ, ఐపీఫిల్టర్ అని మూడు ఫైర్‌వాల్‌లు ఉన్నాయి. ఐపీఎఫ్‌డబ్ల్యూ పట్టికను పైనుంచి చదువుతూ, పోనివ్వమనో ఆపమనో చెప్పే మొదటి నియమం తగలగానే తీర్పు చెప్పేస్తుంది. పీఎఫ్ మాత్రం పట్టిక చివరిదాకా చదివి, సరిపోయిన వాటిలో ఆఖరి నియమాన్ని పాటిస్తుంది. "క్విక్" అనే మాట రాసిన నియమం దగ్గర మాత్రమే అక్కడికక్కడ ఆగుతుంది. ఒకదాని పాఠం చదివి ఇంకొకదానికి పట్టిక రాస్తే అర్థం తలకిందులవుతుంది. పైగా ఐపీఎఫ్‌డబ్ల్యూలో మనం ఏమీ రాయకపోయినా 65535 అనే సంఖ్యతో ఆఖరి నియమం ఒకటి ముందే ఉంటుంది. మామూలుగా అది అన్నిటినీ ఆపేస్తుంది. దూరంగా ఉన్న యంత్రంలో నియమాలు రాయకముందే దాన్ని ప్రారంభించినవాడు ఆ క్షణమే ఆ యంత్రంతో సంబంధం కోల్పోతాడు. ఈ ఒక్క హెచ్చరిక పాఠం మొదట్లో ఉండటానికీ చివరి పేజీలో ఉండటానికీ ఎంత తేడా ఉందో, ఆ యంత్రం దగ్గరికి బస్సెక్కి వెళ్లవలసి వచ్చినవాళ్లకు తెలుస్తుంది.

పీఎఫ్ చరిత్ర ఇంకా చిక్కైనది. అది మొదట ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో సిస్టమ్ కోసం పుట్టింది. అక్కడ అప్పటిదాకా వాడిన ఐపీఫిల్టర్‌ను లైసెన్సు విషయంలో వచ్చిన వివాదం వల్ల తీసివేయవలసి రావడంతో, డేనియల్ హార్ట్‌మైయర్ 2001లో పీఎఫ్‌ను రాశారు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 3.0లో అది చేరింది. 2004లో 5.3 వెర్షన్‌తో ఫ్రీబీఎస్‌డీ కూడా దాన్ని తనలో కలుపుకుంది. 2010లో ఓపెన్‌బీఎస్‌డీ 4.7లో, లోపలి ప్రైవేటు చిరునామాలను బయటి చిరునామాగా మార్చే నియమాలు రాసే తీరునే మార్చేశారు. 2012లో ఫ్రీబీఎస్‌డీ 9.0 తన పీఎఫ్‌ను నవీకరించుకున్నప్పుడు తెచ్చుకున్నది మాత్రం అంతకు ముందటి 4.5 నాటి రూపాన్ని. ఆ తరవాత ఇద్దరూ తమ తమ దారుల్లో మార్పులు చేసుకుంటూ పోయారు. ఒకే పేరున్న ఫైర్‌వాల్‌కు అలా రెండు రకాల రాత ఏర్పడింది. ఓపెన్‌బీఎస్‌డీ కోసం రాసిన చక్కని పాఠాన్ని చూసి ఫ్రీబీఎస్‌డీలో పట్టిక రాసినవాళ్లకు ఏళ్ల తరబడి తప్పుల సందేశాలే ఎదురయ్యాయి. ఫ్రీబీఎస్‌డీ వాళ్ల అధికారిక మార్గదర్శి అయిన హ్యాండ్‌బుక్ కూడా ఈ తేడాను గుర్తుపెట్టుకొమ్మని పాఠకుణ్ని హెచ్చరిస్తుంది. 2025 డిసెంబరులో వచ్చిన 15.0 వెర్షన్‌లో కొత్త రాతను కూడా అంగీకరించే ఏర్పాటు చేశారు. ఇది మంచి మార్పే కానీ, పాఠం రాసేవాడి పని దీనితో తగ్గలేదు, పెరిగింది. ఎందుకంటే ఇప్పుడు పాత రాతతో నడుస్తున్న యంత్రాలూ, రెండు రాతలూ తెలిసిన యంత్రాలూ పక్కపక్కనే ఉంటాయి.

మన విద్యార్థులు ఎక్కువగా వాడే లినక్స్‌లోనూ పరిస్థితి ఇంతకంటే సులువుగా లేదు. 2001లో వచ్చిన 2.4 కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) నుంచి ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ సాధనం వాడుకలో ఉంది, 2014లో 3.13 కెర్నెల్‌తో దాని స్థానంలోకి ఎన్ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. 2019లో వచ్చిన డెబియన్ 10 అనే లినక్స్ రకంలో ఐపీటేబుల్స్ అనే ఆదేశం కొట్టినా లోపల పనిచేసేది ఎన్ఎఫ్‌టేబుల్సే. ఇదివరకటి ఐపీటేబుల్స్ కూడా వేరే పేరుతో అక్కడే ఉంటుంది. ఒకదానితో రాసిన నియమాలు ఇంకొకదాని జాబితాలో కనిపించవు. పాత పాఠం చదివి ఒకదానితో చూస్తే పట్టిక ఖాళీగా ఉంటుంది, కానీ ప్యాకెట్లు ఆగిపోతూ ఉంటాయి.

ఇంకొక లోపం నన్ను మరింత కలవరపెడుతుంది. పాత లినక్స్ పాఠాల్లో చాలావరకు ఐపీవీ4కు మాత్రమే నియమాలు చెబుతాయి. కొత్త చిరునామాల పద్ధతి అయిన ఐపీవీ6కు ఐపీ6టేబుల్స్ అని వేరే ఆదేశంతో వేరే పట్టిక రాయాలన్న మాట వాటిలో ఉండదు. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులు పెద్ద ఎత్తున ఐపీవీ6 మీద నడుస్తున్న ఈ రోజుల్లో, ఆ పాఠం పాటించినవాడు ముందు తలుపుకు గడియ పెట్టి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచినట్టే. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది: ఐసీఎంపీ (యంత్రాలు ఒకదానికొకటి పంపుకునే సమాచార, లోప సందేశాలు) మొత్తాన్ని ఆపేయమని కొన్ని పాత పాఠాలు చెబుతాయి. ఐపీవీ4లో అలా చేసినా చాలావరకు పని గడిచిపోతుంది. ఐపీవీ6లో పక్క యంత్రాన్ని గుర్తించడం కూడా ఐసీఎంపీ ద్వారానే జరుగుతుంది కనుక, అక్కడ ఆ నియమం పెడితే నెట్‌వర్కే నిలిచిపోతుంది. వీటిలో ఏవి ఆపవచ్చో, ఏవి ఆపకూడదో 2007లోనే ఆర్‌ఎఫ్‌సీ 4890 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం విడమరిచి చెప్పింది; దాదాపు ఇరవై ఏళ్లయినా ఆ మాట అన్ని పాఠాల్లోకీ ఎక్కలేదు. ప్రాజెక్టుల కోసం డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) వాడే విద్యార్థులు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది: డాకర్ ద్వారా బయటకు తెరిచిన పోర్టు (ప్రోగ్రాముకు దారి చూపే ద్వారం సంఖ్య), ఉబుంటు లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సాధనంతో పెట్టిన నిషేధాన్ని దాటుకుని పోతుంది. డాకర్ తన నియమాలను తానే నేరుగా రాసుకోవడం వల్ల అలా జరుగుతుంది.

ఇక ఈ పాఠాలను సరిచేయడమంటే ఏమిటో చెప్పాలి. అక్షర దోషాలు దిద్దడం అందులో చిన్న భాగం. పాఠంలోని ప్రతి ఆదేశాన్నీ ఇప్పుడు వాడుకలో ఉన్న వెర్షన్ మీద నడిపి చూసి, ఏ వెర్షన్ మీద, ఏ నెలలో పరీక్షించారో పైనే రాయడం మొదటి పని. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మా లంక గ్రామాల్లో పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ అంకెతోపాటు అది ఏ గంటకు కొలిచినదో చెప్పకపోతే, పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో ఎవరూ నిర్ణయించుకోలేరు. ఫైర్‌వాల్ పాఠానికి వెర్షన్, తేదీ అంతటి అవసరం. ఆ తరవాత, నమూనా పట్టిక ఎలాంటి కనెక్షన్‌ను ఊహించి రాసిందో ఒక్క వాక్యంలో చెప్పాలి. మా గ్రంథాలయానికి ఆ వాక్యమే కావలసి వచ్చింది. పట్టికను అమలు చేయకుండా తప్పులు మాత్రమే చూసే వీలు పీఎఫ్‌లో ఉంది. పీఎఫ్‌ను నడిపే పీఎఫ్‌సీటీఎల్ ఆదేశానికి ఎన్ అనే అక్షరం చేరిస్తే చాలు. అది పాఠంలో అమలు చేసే ఆదేశం కంటే ముందు రావాలి. దూరపు యంత్రంలో మార్పు చేస్తున్నప్పుడు పది నిమిషాల తరవాత పాత పట్టిక దానంతట అదే తిరిగి వచ్చేలా ముందే ఏర్పాటు చేసుకోవడం, ఆగిపోయిన ప్యాకెట్ ఏ నియమం వల్ల ఆగిందో లాగ్‌లో చూసుకోవడం కూడా పాఠంలో ఉండాలి. ఫైర్‌వాల్‌ను పెట్టడం నేర్పి, అది ఏం చేస్తోందో చూడటం నేర్పని పాఠం సగం పాఠమే.

సిస్టమ్‌తో పాటే వచ్చే మాన్ పేజీలు (ఆదేశాల వివరణ పేజీలు) ఉన్నాయి కదా, అవి చదువుకుంటే చాలదా అని అనుభవజ్ఞులు అడగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. మాన్ పేజీ మన యంత్రంలో ఉన్న వెర్షన్‌తో పాటే వస్తుంది కనుక అది సాధారణంగా దారి తప్పించదు; అనుమానం వచ్చినప్పుడు దాన్నే నమ్మమని నేనూ విద్యార్థులకు చెబుతాను. కానీ మాన్ పేజీ నిఘంటువు లాంటిది. భాష రానివాడి చేతికి నిఘంటువు ఇచ్చి ఉత్తరం రాయమంటే రాయలేడు. హ్యాండ్‌బుక్ లాంటి పాఠాలు అందుకే కావాలి.

వీటిని రాసేవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా, తమ తీరిక వేళల్లో రాస్తున్నారు. కొత్త సదుపాయం చేర్చినవాడికి దక్కే గుర్తింపు, పాత పేజీ దిద్దినవాడికి దక్కడం లేదు. మన ఇంజినీరింగ్ కళాశాలల్లోనూ ఇదే వరస. అమలాపురం, భీమవరం, తణుకు, రాజమహేంద్రవరం వైపు కళాశాలల్లో చివరి ఏడాది ప్రాజెక్టుల పేరుతో ఏటా తయారయ్యే నివేదికల్లో, అట్ట మీది పేరు తప్ప లోపల పెద్దగా తేడా లేనివి ఎన్నో నేనే పరీక్షకుడిగా చూశాను. వాటిని ఆ తరవాత ఎవరూ తెరవరు. దానికి బదులు నలుగురు విద్యార్థులు ఒక ఫైర్‌వాల్ అధ్యాయాన్ని తీసుకుని, రెండు పాత కంప్యూటర్ల మీద దానిలోని ప్రతి ఆదేశాన్నీ పరీక్షించి, తప్పిన చోటల్లా సవరణ రాసి పంపితే, అది ప్రపంచంలో ఎవరికైనా పనికొస్తుంది. ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్ మూలాన్ని 2021లో ఆస్కీడాక్ అనే సులువైన పద్ధతిలోకి మార్చారు. అది గిట్ అనే మార్పుల నిల్వ వ్యవస్థలో అందరికీ అందుబాటులో ఉంది. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌తో దిద్దవచ్చు. సవరణ పంపాక అనుభవజ్ఞులు దాన్ని చదివి ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్నలకు రాతపూర్వకంగా, మర్యాదగా, ఆధారాలతో జవాబు చెప్పడం నేర్చుకున్న విద్యార్థి ఏ ఉద్యోగంలోనైనా రాణిస్తాడని నాకు గట్టి నమ్మకం. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో కూడా ఈ పనిని అంగీకరించాలని ఉన్నత విద్యాధికారులను కోరుతున్నాను.

తెలుగులో ఈ పాఠాలు రావాలని కోరేవాళ్లలో నేను ముందుంటాను. ఇంటర్‌దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇంగ్లీషు పాఠంలో ఒక్క క్రియను అపార్థం చేసుకుని నియమాన్ని తిప్పి రాయడం నేను కళ్లారా చూశాను. అయినా ముందు ఇంగ్లీషు మూలాన్ని సరిచేసి, తరవాతే తెలుగులోకి తేవాలని నా అభిప్రాయం. పాత పాఠాన్ని అనువదిస్తే ఆ తప్పు రెండు భాషల్లో ఉంటుంది. మూలంలో దిద్దినా తెలుగులో అలాగే మిగిలిపోతుంది. తెలుగు పేజీ పైన అది ఏ తేదీ నాటి మూలానికి తెలుగో తప్పకుండా రాయాలి. ఆదేశాలను, నియమాల్లోని మాటలను అనువదించకూడదు. వాటి పక్కన, అది ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో తెలుగులో విపులంగా చెప్పాలి. ఫైర్‌వాల్‌కు, ప్యాకెట్‌కు, పోర్టుకు కొత్త తెలుగు పేర్లు పుట్టించే శ్రమ ఇప్పుడు అవసరం లేదు. ఆ మాటలు మన పిల్లలకు వచ్చు. రానిది వాటి మధ్య ఉన్న సంబంధమే.

మా గ్రంథాలయంలో ఆ పాత యంత్రం ఇప్పుడు సరైన పట్టికతో నడుస్తోంది. ఆనాటి కుర్రాడు ఉద్యోగానికి వెళ్లే ముందు, మా కనెక్షన్‌లో ఏం జరిగిందో, ఏ వాక్యం చేర్చామో, ఏ వెర్షన్ మీద పరీక్షించామో రెండు పేజీల్లో తెలుగులో రాసి, యంత్రం పక్కన గోడకు అంటించి వెళ్లాడు; వెర్షన్ మారినప్పుడల్లా మళ్లీ పరీక్షించి తేదీ మారుస్తున్నాం. పరీక్షల కోసం ఇంకొక రెండు కంప్యూటర్లను విడిగా ఉంచాం. ఫైర్‌వాల్ పాఠాలను దిద్దే పని మొదలుపెట్టాలనుకునే విద్యార్థులు శని, ఆదివారాల్లో వచ్చి వాటిని వాడుకోవచ్చు. మీ విద్యా పేజీలో ఈ విషయానికి కొంత చోటు ఇస్తే, ఇలాంటి యంత్రాలు ఉన్న మిగతా గ్రంథాలయాలు, కళాశాలలు కూడా ముందుకు వస్తాయని ఆశిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
అంబాజీపేట మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.